బొంత మీద వలిసెపూలు

కుట్టుమిషన్‌కి ఓ మొండి అలవాటుంది. తొక్కితే చాలు... తిన్నగా పోతుంది! సూది కింద ఇనుప పలకలో దాక్కుని ఉండే రెండు వరసల పళ్లు బట్టను పట్టుకుని వెనక్కి లాగేస్తుంటాయి. అది పక్కకు పోకుండా చూసుకోవడమే మన పని. మరి ఆ పళ్లను కిందికి దించేస్తే? బట్ట మన చేతికొచ్చేస్తుంది. ముందుకు తోస్తే ముందుకు, పక్కకు జరిపితే పక్కకు, గుండ్రంగా తిప్పితే గుండ్రంగా వెళ్తుంది. కలాన్ని ఒక్కచోటే నిలబెట్టి కాగితాన్ని కదిపి బొమ్మ గీస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. సూది తన చోట తాను పైకీ కిందికీ ఆడుతుంటుంది. ఆకూ, తీగా, పువ్వూ మన చేతుల్లోంచి వస్తాయి.

ఇంగ్లిషువాళ్లు దీనికి ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అని పేరు పెట్టారు. క్విల్టు అంటే మరేం కాదు, మన బొంతే. పైన ఒక బట్ట, కింద ఒక బట్ట, మధ్యన దూది... మూడూ విడిపోకుండా కుట్లు. ఆ కుట్లనే బొమ్మగా మారిస్తే అదో కళ. అందులోనూ ఆకులూ పూలూ కుట్టడానికి ఉన్నంత గిరాకీ మరి దేనికీ లేదు. ఎందుకంటే మొక్కకు తిన్నటి గీత ఉండదు. రెండాకులు ఒకేలా రాలేదేమని ఎవరూ అడగరు. చేయి కాస్త వణికినా అదీ ఓ ఆకు వంపులో కలిసిపోతుంది!

మనకు బొంతంటే చిన్నచూపు. నాలుగు పార్టీలు కలిసి సర్కారు పెడితే పత్రికలన్నీ 'అతుకుల బొంత' అని ఎగతాళి చేస్తాయి. ఒళ్లంతా నూగున్న పురుక్కి 'బొంతపురుగు' అని పేరు పెట్టాం. కానీ తెలుగిళ్లలో మూడు తరాల పాతచీరలు, లుంగీలు, పంచెలు చివరికి చేరేది బొంతలోకే. అమ్మమ్మ పెళ్లినాటి చీర ముక్క ఎక్కడుందో చూడాలంటే బీరువా కన్నా బొంతలో వెతకడమే నయం. దాని కుట్టు విధానం కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేల మీద పరిచి, నాలుగంచుల వెంబడి మొదలుపెట్టి, ఒక చతురస్రం లోపల మరో చతురస్రంగా నడిమికి చేరుకుంటారు. లాంతరు వెలుతురులో కుట్టినా తప్పిపోని దారి అది. అందులో పువ్వు లేదు. అవసరం మాత్రం బోలెడు.

అనంతగిరిలో ఏం దొరుకుతుంది?

ఇంతకీ అనంతగిరి సంగతి ఎందుకంటారా? డిసెంబరు, జనవరి నెలల్లో అరకు వైపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగిపోతుంది. బొంత విలువ తెలిసిన చలి అది. ఇక రెండో కారణం... మొక్కలు. విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే అనంతగిరి దగ్గర రెండువైపులా కాఫీ తోటలే. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, ఇంకాస్త లోపలికెళ్తే పసుపు మడులు, పనసచెట్లు, అడ్డతీగలు. ఈ మండలంలోనే బొర్రా గుహలు, వాటి కింద గోస్తనీ ప్రవాహం. ఇప్పుడిది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది (2022 దాకా విశాఖపట్నం జిల్లా). సూదికి బొమ్మలు కావాలంటే ఇంతకన్నా పెద్ద పుస్తకం అక్కర్లేదు.

వలిసెపూలతోనే మొదలుపెడదాం. చలికాలం ముందు అరకు పొలాలన్నీ పసుపుపచ్చగా మారిపోయేది వీటివల్లే. పర్యాటకులకు ఫొటో, రైతుకు నూనెగింజ. ఎనిమిది రేకుల పువ్వు. నడుమ చిన్న దిండులాంటి బొడ్డు. మిషన్ మీద ముందు ఆ బొడ్డును చిన్నచిన్న సున్నాలతో నింపి, అక్కడి నుంచి బయటికొచ్చి ఒక రేకు గీసి మళ్లీ బొడ్డు దగ్గరికే రావాలి. మరో రేకు, మళ్లీ బొడ్డు. ఎనిమిదోది పూర్తయ్యేసరికి దారం తెగకుండానే పువ్వు తయారు. కొత్తవాళ్లకు ఇంత ఓపికైన పువ్వు దొరకదు.

కాఫీ అంత సులువు కాదు. వేసవి తొలి వాన పడిన వారం పది రోజులకు కొమ్మంతా తెల్లగా పూస్తుంది. మల్లెపూల వాసన. రెండు మూడు రోజులే ఆ సంబరం! పూలు ఆకు మొదళ్లలో గుత్తులుగా ఉంటాయి కాబట్టి విడివిడిగా కుట్టబోతే గందరగోళమే. నాలుగైదు పూలను పూర్తిగా గీసి, మిగతావాటికి రేకు కొసలు మాత్రమే చూపించాలి. ఆకులు మాత్రం ఎదురెదురుగా, జంటగా, అంచు అలలు తిరిగి ఉంటాయి. ఆ అల పడితేనే అది కాఫీ. లేకపోతే జామాకో, గన్నేరాకో అనుకుంటారు. 'అరకు వ్యాలీ అరబికా' కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజకు దక్కిన పేరు ఇంకా ఈ పువ్వు దాకా రాలేదు, పాపం.

అడ్డాకు చూశారుగా... ఆవు గిట్టలా రెండుగా చీలి, విస్తరి కుట్టేంత వెడల్పుగా ఉంటుంది. నిజానికి ఈ కొండల్లో ఆకుల మీద కుట్టుపని ఎప్పటినుంచో ఉంది. అడ్డాకులను సన్నటి పుల్లలతో జోడించి విస్తళ్లు కుట్టడం అదేగా! బొంత మీద ఈ ఆకు వేస్తే రెండు లాభాలు. ఒకటి, పెద్ద జాగా త్వరగా నిండుతుంది. రెండు, ఆకు మొదలు నుంచి విసనకర్రలా విచ్చుకునే ఈనెలు మూడు పొరలనూ గట్టిగా పట్టి ఉంచుతాయి. దీని తీగ కొసల్లో జంటగా మెలితిరిగే నులితీగలున్నాయి చూడండి, అవి ఒక ఆకు నుంచి మరో ఆకుకు సూదిని తీసుకెళ్లే వంతెనలు.

వర్షాకాలంలో తూర్పు కనుమల పొదల్లో కనిపించే అడవినాభి మాత్రం చేయి తిరిగాకే. ఆరు రేకులూ మంటలా పైకి లేచి, అంచులు ముడతలు పడి ఉంటాయి. ఆకు కొసే నులితీగై పక్క కొమ్మను పట్టుకుంటుంది. దుంప విషం. పువ్వు మాత్రం సూది కోసమే పుట్టినట్టుంటుంది.

ఓ సరదా సంగతి. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. వలిసెలదీ ఇథియోపియానే. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. మిరియాలు మలబారు నుంచి వచ్చాయి. అంటే అనంతగిరి పచ్చదనమే ఓ అతుకుల బొంత!

కొండ మీద గీతలు... తీరంలో పూలు

ఇన్ని పూల మధ్య బతికే కొండజనం తమ బట్టల మీద పూలు వేసుకున్నారా అని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గదబ స్త్రీలు ఒకప్పుడు అడవి మొక్కల నారను వడికి నేసుకున్న కేరంగ్ బట్ట మీద ఉండేవి చారలు. సరిహద్దుకు అటువైపు, ఒడిశాలోని నియమగిరి కొండల్లో డోంగ్రియా కోందు స్త్రీలు శాలువా మీద రంగుదారాలతో కుట్టేవి గీతలు, త్రికోణాలు. త్రికోణమంటే కొండ. ఆ శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బట్ట మొక్క నుంచే వచ్చినప్పుడు దాని మీద మళ్లీ మొక్క బొమ్మ ఎందుకనుకున్నారో ఏమో!

పూల బట్ట పుట్టింది కింద, సముద్రపు ఒడ్డున. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిషువాళ్లు 1611లో కొఠీలు తెరిచారు. వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది కలంకారీ. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం... ఎన్ని ఉతుకులకైనా వెలవని రంగులు. అప్పటికి ఐరోపాలో ఆ విద్య లేదు. వాటిలో 'పలంగ్‌పోష్' అనే మంచం దుప్పటిది పెద్ద పేరు. తెల్లవాళ్ల నోట అది 'పాలంపోర్' అయింది. రాళ్లగుట్ట మీద నుంచి మెలికలు తిరుగుతూ లేచే ఒక చెట్టు, ఒక్కో కొమ్మకు ఒక్కో రకం పువ్వు! వృక్షశాస్త్రం చదివినవాళ్లు చూస్తే తల పట్టుకుంటారు. కానీ లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో సంపన్నుల పడకగదులన్నీ ఆ చెట్టు నీడలోనే నిద్రపోయాయి.

ఆ చెట్టు పూర్తిగా మనదే అని చెప్పుకోవడమూ సరికాదు. కొనేవాడి ఇష్టం అందులో చాలా ఉంది. 1643లో ఈస్టిండియా కంపెనీ పెద్దలు లండన్ నుంచి సూరత్ కొఠీకి ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే బొంతల నేపథ్యం దిగులు ఎరుపులో ఉంటోంది, ఇక్కడ నచ్చడం లేదు, తెల్లనేల మీద రంగుల పూలూ కొమ్మలూ వేయించండి అని దాని సారాంశం. చూశారా, ఆ ఉత్తరంలో అడిగింది బొంతలనే! బొంత మీద పూల తీగ అనే ముచ్చట నిన్నా మొన్నటిది కాదు.

తర్వాతి కథ ఇంకా విచిత్రం. మన బట్ట ధాటికి అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో పూలబట్టను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపే చట్టం చేసింది, 1721లో వాడకాన్నే నిషేధించింది. ఆ చట్టం 1774 దాకా ఉంది. దొరకని వస్తువు మీద మోజు ఎక్కువ కదా. తర్వాతి కాలంలో ఇంగ్లండు, అమెరికా ఇల్లాళ్లు దాచుకున్న పూలబట్టలోంచి ఒక్కో పువ్వునూ, పిట్టనూ జాగ్రత్తగా కత్తిరించి, తెల్లబట్ట మీద అతికి, చుట్టూ సన్నగా కుట్టి కొత్త బొంతలు చేసుకున్నారు. చిన్న ముక్కతో మంచమంత తోట! ఈ పద్ధతికి 19వ శతాబ్దంలో 'బ్రోదరీ పెర్స్' అని పేరు స్థిరపడింది. అంటే పర్షియా కుట్టు. పువ్వు కోరమాండల్ తీరానిదీ, పేరేమో పర్షియాదీ... ఏం చేస్తాం!

పుల్ల తీస్తే ఎంబ్రాయిడరీ, దూది పెడితే బొంత

సరే, మళ్లీ మిషన్ దగ్గరికొద్దాం. ఇది అమెరికా విద్య అనుకుని బెదిరిపోనక్కర్లేదు. కాస్త వయసున్న దర్జీలను, టైలరింగ్ క్లాసులకు వెళ్లిన ఆడవాళ్లను అడగండి. నల్ల మిషన్‌కి పాదం ఊడదీసి, పళ్ల మీద రేకు బిగించి, బట్టను రింగులో బిగించి పూలు కుట్టడం వాళ్లకు తెలుసు. మనం మిషన్ ఎంబ్రాయిడరీ అనేది దాన్నే. 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే సింగర్ కంపెనీ కాలి మిషన్లతో ఈ పాఠాలు చెప్పింది. ఆ ఒక్క పొర కింద దూది, దాని కింద మరో బట్ట పెడితే అదే ఫ్రీ మోషన్ క్విల్టింగ్.

అమెరికాలో కూడా దీనికి మర్యాద ఆలస్యంగానే దక్కింది. చేత్తో కుట్టిందే బొంత, మిషన్‌ది మోసం అనేవాళ్లు. 1987లో హారియెట్ హార్‌గ్రేవ్ ఇంటి మిషన్ మీద వంశపారంపర్యపు బొంతలంత నాణ్యంగా ఎలా కుట్టాలో పుస్తకం రాశారు. రెండేళ్ల తర్వాత, 1989లో కెంటకీ రాష్ట్రం పడూకా ఊళ్లో ఏటా జరిగే పెద్ద పోటీలో కారిల్ బ్రయర్ ఫాలెర్ట్ మిషన్ మీద కుట్టిన సూర్యగ్రహణపు బొంతకు ప్రథమ స్థానం వచ్చింది. మిషన్ బొంతకు ఆ బహుమతి రావడం అదే తొలిసారి. పెద్ద గొడవే అయింది. ఇప్పుడా పోటీల్లో చేతికుట్టే అపురూపం.

పని ఎలాగో చూద్దాం. కింది బట్టను నేల మీద ముడతల్లేకుండా పరిచి, పైన పల్చటి దూది పొర, ఆపైన పై బట్ట. పిడికిలి పట్టేంత దూరానికో పిన్నీసు. పళ్లను దించడమో, రేకుతో కప్పడమో చేయాలి. పాదం స్థానంలో డార్నింగ్ ఫుట్ బిగిస్తారు. సూది లేచినప్పుడల్లా అదీ లేచి బట్టను వదులుతుంది, దిగినప్పుడు నొక్కి పడుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు పప్పులో కాలేసేది ఒక్కచోటే. పాదం లేదు కదా అని వెనక మీట దించడం మర్చిపోతారు. మీట పైనుంటే దారానికి బిగువుండదు. పైన అందంగానే కనిపిస్తుంది, తిప్పి చూస్తే కింద పిచ్చుకగూడు! మొదలుపెట్టేటప్పుడు బాబిన్ దారాన్ని కూడా పైకి లాగి రెండు కొసలూ పట్టుకుంటే ఆ గూడు కట్టదు.

కుట్టు పొడవు ఇక మిషన్ చేతిలో ఉండదు. కాలు వేగం, చేతుల వేగం రెండూ సరితూగాలి. కాలు జోరుగా ఉండి చేతులు నెమ్మదిస్తే కుట్లు ఇసుకరేణువుల్లా గుమిగూడతాయి. చేతులు పరుగెడితే గంతులేస్తాయి. అంగుళానికి పది పన్నెండు కుట్లు సమంగా పడేదాకా పాతబట్ట మీద సాధన చేయాల్సిందే. వంపు దగ్గర కాలు వేగం తగ్గించాలనిపిస్తుంది కానీ, తగ్గించాల్సింది చేతుల కంగారు. ఈ పనికి కాలి మిషన్ ఎంతో అనువు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కరెంటుతో పని లేదు. కొండ ఊళ్లలో అది చిన్న విషయం కాదు. చేతి మిషన్ మాత్రం పనికిరాదు. ఒక చేయి చక్రం మీదే ఉండిపోతుంది మరి.

అసలు చిక్కు ఎక్కడంటే, దారం తెంపకూడదు. తెంపిన ప్రతిచోటా ముడి, ముడి ఉన్నచోట ఎప్పటికైనా విప్పుకుపోవడం. కాబట్టి మొక్కనంతా ఒకే గీతలో ఆలోచించాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, వెళ్లిన దారినే ఎంతవరకు వెనక్కి రావచ్చు, పక్క కొమ్మకు ఎలా దాటాలి... ఈ లెక్కలో తెలుగు ఆడవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. చుక్కల చుట్టూ మెలికలు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చే మెలికల ముగ్గు వేసే చేయి అది. తీగముగ్గు వచ్చినవాళ్లకు సగం పని వచ్చినట్టే. బొర్రా దారిలో తేమ రాళ్ల మధ్య మొలిచే ఫెర్న్ ఆకు దీనికి మంచి మొదటి పాఠం. కాడ పైకి గీసి, కొస నుంచి ఒక పక్క చిట్టి ఆకులు వేసుకుంటూ మొదటికి దిగి, కాడ మీదుగానే మళ్లీ పైకెక్కి రెండో పక్క దిగాలి.

పువ్వు పైకి లేచినట్టు కనిపించడానికో చిట్కా ఉంది. పువ్వులో కుట్లు తక్కువ వేసి, చుట్టూ ఖాళీ జాగాను చీమ తిరిగినట్టు దగ్గర దగ్గర వంకర గీతలతో నింపేస్తారు. కుట్టు పడినచోట దూది అణిగిపోతుంది. పడనిచోట ఉబ్బి నిలుస్తుంది. రంగుదారం అక్కర్లేదు. తెల్లబట్ట మీద తెల్లదారంతోనే కాఫీపూత పూయించొచ్చు. నన్నడిగితే అదే అందం. రంగురంగుల దారాలతో కుట్టింది ఎంబ్రాయిడరీలా కనిపిస్తుంది, బొంతలా కనిపించదు.

గంటకు ఎంత?

ఇంతవరకు బాగానే ఉంది. మరి కూలి గిడుతుందా?

ఓ లెక్క వేద్దాం. 90 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు బొంత. అర అంగుళానికో గీత చొప్పున నింపితే మొత్తం గీత పొడవు 10,800 అంగుళాలు. అంటే 900 అడుగులు! అంగుళానికి పది కుట్లు వేసుకున్నా లక్షా ఎనిమిది వేల కుట్లు. కాలి మిషన్ నిమిషానికి 400 కుట్లు వేస్తుందనుకుంటే సూది ఆడే సమయమే నాలుగున్నర గంటలు. చేతులు సర్దుకోవడం, బొంత చుట్ట తిప్పడం, బాబిన్ నింపడం, మూడు పొరలు పరిచి పిన్నులు పెట్టడం, అంచు కుట్టడం... ఇవన్నీ కలిస్తే అది ఎన్నో రెట్లవుతుంది. నాలుగైదు రోజుల పని అనుకోండి. అదే సంతలో పాలిస్టర్ దుప్పటి కొన్ని వందలకే వస్తుంది, ఉతకడం తేలిక, మెత్తగానూ ఉంటుంది. బొంతలు ఇళ్లలోంచి వెళ్లిపోవడానికి కారణం ఇదే. దాన్ని తప్పుపట్టడం తేలికే కానీ, చలిలో ఉన్నవాళ్లకు ఏది చౌక అయితే అదే దుప్పటి.

కాబట్టి దుప్పటితో పోటీపడి ఈ బొంత అమ్ముడవదు. కొనేవాళ్లు వేరే. అరకు వచ్చే పర్యాటకులు కాఫీపొడి, మిరియాలు, తేనె కొనుక్కెళ్తారు. మంచమంత బొంత కాకపోయినా, అడ్డాకో వలిసెపువ్వో ఉబ్బెత్తుగా నిలిచిన దిండుగలేబో, సంచో, పసిపిల్లల పక్కబట్టో వాళ్ల సామాన్లో పడుతుంది. రోజులో ఒకటి రెండు అయ్యే పని కూడా. డ్వాక్రా సంఘాల్లో మిషన్ నేర్చుకున్నవాళ్లకు జాకెట్లు, స్కూలు యూనిఫారాలు దాటి మరో దారి దొరకడమంటే మాటలు కాదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. అమెరికాలో అలబామా రాష్ట్రం జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు చిరిగిన పొలం బట్టలతో తరతరాలుగా బొంతలు కుట్టుకున్నారు. 1966లో ఆ చుట్టుపక్కల స్త్రీలు సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో వాళ్ల బొంతలు హూస్టన్ మ్యూజియం గోడలెక్కాయి, 2006లో తపాలాబిళ్లలయ్యాయి. పేరు ప్రపంచమంతా పాకింది. 2007లో వాళ్లలో కొందరు, మా బొంతలూ డిజైన్ల మీద వచ్చిన డబ్బులో మా వాటా మాకు రాలేదంటూ కోర్టుకెక్కారు. మరుసటి ఏడాదికి ఆ వివాదం ముగిసింది. బొమ్మ ఎవరిది, దానిపై వచ్చే సొమ్ము ఎవరికి అన్నది ముందే కాగితం మీద రాసుకోకపోతే కుట్టినవాళ్ల చేతిలో మిగిలేది కూలి మాత్రమే. మచిలీపట్నం చిత్రకారులు వేసిన పూలచెట్లు ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇంట్లో ప్రయత్నిద్దామనుకునేవాళ్లు పెద్ద బొంతతో మొదలుపెట్టకండి. మొదట ఒక అడుగు చదరం చాలు. నూలుబట్ట, నూలుదారం, 16వ నంబరు సూది. బొమ్మను సుద్దతోనో, సబ్బుముక్కతోనో పల్చగా గీసుకోవచ్చు. నాలుగైదు ఆకులయ్యాక ఆ గీతను చూడటం మానేస్తారు. చేతులకు రబ్బరు పట్టున్న గ్లవ్స్ వేసుకుంటే బట్ట జారదు. అవి లేకపోతే తడిగుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ కుట్టినా సరిపోతుంది. పూర్తయ్యాక చూసి నిరాశపడకండి. అప్పుడది బల్లపరుపుగా, అట్టముక్కలా ఉంటుంది. చల్లటి నీళ్లలో జాడించి, పిండకుండా నీడన పరచండి. లోపలి దూది ఆరుతూ కాస్త ముడుచుకుంటుంది. కుట్ల చుట్టూ చిన్న చిన్న ముడతలు పడతాయి. ఆ ముడతల మధ్యలోంచి, సాయంత్రానికి, పువ్వు పైకి లేస్తుంది.